అణువు ఆకారం, ద్రవ స్ఫటికం: బొగ్గుట్ట నుంచి మొదలుపెడితే

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఇల్లందును చుట్టుపక్కల పల్లెల వాళ్లు బొగ్గుట్ట అంటారు. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా మారిన సంస్థకు పుట్టినిల్లు ఇదే. ఇక్కడి బొగ్గును గాలి తగలకుండా ఎంత వేడిచేసినా మెత్తబడదు, గట్టిగానే ఉండి విచ్ఛిన్నమవుతుంది. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు అలా కాదు. 400 డిగ్రీల దగ్గర మెత్తబడి, జిగురుగా పొంగి, చివరికి ఉక్కు కొలిమికి పనికొచ్చే కోకుగా గట్టిపడుతుంది. ఈ దశలో అందులో కొంతసేపు ద్రవ స్ఫటికం పుడుతుంది. రెండూ బొగ్గులే, రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది కర్బనమే. తేడా అణువుల నిర్మాణంలో ఉంది.

ద్రవ స్ఫటికమంటే ఘన స్ఫటికానికీ మామూలు ద్రవానికీ నడుమనుండే స్థితి. ఘన స్ఫటికంలో అణువులకు స్థానమూ దిశా రెండూ స్థిరంగా ఉంటాయి. మామూలు ద్రవంలో రెండూ చెదిరిపోతాయి. కొన్ని కర్బన సమ్మేళనాల్లో మాత్రం స్థానాలు చెదిరినా దిశ నిలుస్తుంది. పదార్థం ద్రవంలా పారుతుంది, కాంతి విషయంలో స్ఫటికంలా ప్రవర్తిస్తుంది. 1888లో, అంటే ఇల్లందులో తవ్వకం మొదలవడానికి ఒక్క ఏడాది ముందు, ప్రాగ్ నగరంలో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తూ దీన్ని గమనించాడు. ఆ పదార్థం 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవమైంది, 178.5 దగ్గర ఆ మసక పోయి తేటపడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలా అన్న సందేహంతో అతను జర్మనీలోని ఓటో లేమన్‌కు నమూనాలు పంపాడు. ధ్రువణ కాంతి సూక్ష్మదర్శినిలో వాటిని చూసిన లేమన్ ఈ స్థితికి ద్రవ స్ఫటికమని పేరు పెట్టాడు.

రెండో ఉష్ణోగ్రతను తేటపడే స్థానం అంటారు. ఒక సమ్మేళనం కరిగే స్థానానికీ తేటపడే స్థానానికీ మధ్య ఎంత ఎడం ఉంటే ద్రవ స్ఫటిక స్థితికి అంత చోటు ఉన్నట్టు. కరగకముందే తేటపడే ఉష్ణోగ్రత దాటిపోతే ఆ స్థితి మామూలుగా కనిపించదు. అణువు నిర్మాణంలో చేసే ప్రతి మార్పూ ఈ రెండు సంఖ్యలను వేర్వేరుగా కదుపుతుంది. ఈ రంగంలోని రసాయనమంతా ఆ రెండింటి మధ్య బేరమే.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో డేనియల్ ఫోర్లాండర్ తన విద్యార్థులతో కలిసి వందలాది సమ్మేళనాలు తయారుచేసి ఒక సూత్రం తేల్చాడు. అణువు ఎంత తిన్నగా, ఎంత పొడవుగా ఉంటే ద్రవ స్ఫటికమయ్యే అవకాశం అంత ఎక్కువ. 1922లో ఫ్రాన్సుకు చెందిన జార్జ్ ఫ్రీడెల్ ఈ స్థితులకు పేర్లు పెట్టాడు. అణువులు ఒకే దిశకు తిరిగి ఉండి, స్థానాల్లో ఏ క్రమమూ లేకపోతే నెమాటిక్. దిశతోపాటు పొరలు కూడా ఏర్పడితే స్మెక్టిక్. దిశ మెలి తిరుగుతూ పోతే కొలెస్టెరిక్.

తిన్నగా, గట్టిగా ఉంటే చాలనుకుంటే బెంజీన్ వలయాలను వరుసగా కలుపుకుంటూ పోవచ్చు. రెండు వలయాల బైఫినైల్ 70 డిగ్రీల దగ్గర కరిగి నేరుగా మామూలు ద్రవమవుతుంది. అయిదు వలయాల వరకు పోతే నెమాటిక్ స్థితి వస్తుంది, కానీ దాదాపు 400 డిగ్రీల దగ్గర. అంత వేడి దగ్గర దానితో ఏ పనీ జరగదు. గట్టి అణువులు ఒకదానికొకటి హత్తుకుని స్ఫటికంలో దిట్టంగా సర్దుకుంటాయి కాబట్టి కరగడమే కష్టం. దీనికి విరుగుడు తోక. గట్టి నడుముకు ఒక చివర మెత్తటి హైడ్రోకార్బన్ గొలుసు తగిలిస్తే అది అటూ ఇటూ వంగుతూ స్ఫటికపు సర్దుబాటును చెడగొడుతుంది, కరిగే స్థానం పడిపోతుంది. నడుము దిశను కాపాడుతుంది, తోక స్థానాలను చెదరగొడుతుంది. కడ్డీ అణువుల్లో ద్రవ స్ఫటికం ఈ రెండింటి కలయిక వల్లే సాధారణ ఉష్ణోగ్రతకు దిగివస్తుంది.

ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 1973లో ప్రకటించిన సయనోబైఫినైళ్లు ఈ సూత్రానికి స్పష్టమైన ఉదాహరణ. రెండు బెంజీన్ వలయాలు నేరుగా కలిసి ఉంటాయి, ఒక చివర అయిదు కర్బనాల గొలుసు, మరో చివర సయనో సమూహం. 5సీబీ అని పిలిచే ఈ సమ్మేళనం సుమారు 24 డిగ్రీల దగ్గర కరిగి, 35 దాకా నెమాటిక్‌గా ఉంటుంది. సయనో సమూహం అణువును పొడిగించడమే కాదు, దానికి బలమైన విద్యుత్ ధ్రువత్వాన్నిస్తుంది. విద్యుత్ క్షేత్రం పెడితే అణువులు దానివైపు తిరుగుతాయి. చేతి గడియారాలు, కాలిక్యులేటర్ల తెరలు ఈ గుణం మీదే పనిచేశాయి.

ఇప్పుడు ఈ సంఖ్యలను ఇల్లందు ఎండాకాలంతో కలిపి చూడాలి. మే నెలలో ఈ బొగ్గు ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే, కొత్తగూడెం వైపు 45 కూడా దాటుతుంది. అచ్చంగా 5సీబీతో గడియారం తెర చేస్తే ఉదయం పది దాటాక అది మామూలు ద్రవమై అంకెలు మాయమవుతాయి. చలికాలం రాత్రి గడ్డకడుతుంది. గ్రే బృందం, బ్రిటన్ రక్షణ పరిశోధనాలయంలోని పీటర్ రేన్స్ కలిసి దీనికి మిశ్రమంతో మార్గం కనుగొన్నారు. వేర్వేరు గొలుసులున్న సమ్మేళనాలు కలిస్తే స్ఫటికం కట్టడానికి ఒకదానికొకటి అడ్డుపడి, కరిగే స్థానం బాగా దిగిపోతుంది. తేటపడే స్థానం పైకి పోవాలంటే పొడవైన అణువు కావాలి. 5సీబీకి మరొక్క బెంజీన్ వలయం చేర్చితే అది 130 దగ్గర కరిగి 239 దగ్గర తేటపడుతుంది. ఒక్క వలయంతో తేటపడే స్థానం 200 డిగ్రీలకు పైగా పెరిగిందన్నమాట. ఆ మూడు వలయాల సమ్మేళనాన్ని కొద్దిగా కలిపి చేసిన ఈ7 అనే మిశ్రమం సున్నాకు పది డిగ్రీల దిగువ నుంచి 60 దరిదాపుల దాకా నెమాటిక్‌గానే ఉంటుంది. తెలంగాణ ఎండకు తట్టుకున్నది ఆ మిశ్రమమే.

వలయాలను కలిపే వంతెన కూడా లెక్కలోకి వస్తుంది. తెలుగు నేల మీద ద్రవ స్ఫటిక పరిశోధన ఈ వంతెన దగ్గర కూడా జరిగింది. గుంటూరు జిల్లా నాగార్జున నగర్‌లోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వి.జి.కె.ఎం. పిసిపాటి బృందం ద్రవ స్ఫటిక పరిశోధన కేంద్రాన్ని నడిపి, ఎన్ఓఎం అనే కుటుంబం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఇవి షిఫ్ బేసులు. ఒక బెంజీన్ వలయం మీద ఆల్కాక్సీ గొలుసు, మరో వలయం మీద ఆల్కైల్ గొలుసు, మధ్యలో కర్బనానికీ నత్రజనికీ నడుమ జంట బంధం. పేరులోని ఎన్ ఆల్కాక్సీ గొలుసులోని కర్బనాల సంఖ్య, ఎం ఆల్కైల్ గొలుసులోనిది. తగిన ఆల్డిహైడ్‌నూ అనిలీన్‌నూ ఆల్కహాల్లో రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లంతో మరగబెడితే నీరు వెళ్లిపోయి ఇవి తయారవుతాయి. ఖరీదైన పరికరాలు లేని విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు ఇంతకంటే అనువైన కుటుంబం దొరకదు. ఒక్కో కర్బనం మార్చుతూ డజన్ల కొద్దీ సమ్మేళనాలు చేసి చూడవచ్చు, నిర్మాణానికీ ప్రవర్తనకూ ఉన్న లంకె అలాంటి వరుసల్లోనే బయటపడుతుంది.

ఈ కుటుంబంలో అందరికీ తెలిసిన సభ్యుడు ఎంబీబీఏ, అంటే 1ఓ4. 1969లో జర్మనీలో కెల్కర్, షూర్లే దీన్ని ప్రకటించినప్పుడు గది ఉష్ణోగ్రతలో నెమాటిక్‌గా ఉండే తొలి సమ్మేళనాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 22 దగ్గర కరిగి 47 లోపు తేటపడుతుంది. అదే అణువులో ఆల్కాక్సీ గొలుసుకు ఒక్క కర్బనం చేర్చి 2ఓ4 చేస్తే తేటపడే స్థానం దాదాపు 80కి ఎగబాకుతుంది. మరొకటి చేర్చితే పెరుగుతుందనుకుంటాం, కానీ తగ్గుతుంది. నాలుగోది చేర్చితే మళ్లీ పెరుగుతుంది. సరి, బేసి సంఖ్యల మధ్య ఈ ఊగిసలాటకు కారణం గొలుసు వంకర. ఆల్కైల్ గొలుసు వంకరటింకరగా సాగుతుంది కాబట్టి చివరి బంధం ఒకసారి అణువు పొడవు దిశలో పడుతుంది, మరోసారి పక్కకు తిరుగుతుంది. పొడవు దిశలో పడితే అణువు ఇంకాస్త కడ్డీలా మారుతుంది, పక్కకు పడితే లావవుతుంది. సయనోబైఫినైళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. అయిదు కర్బనాలకు 35, ఆరుకు 29, ఏడుకు 43 డిగ్రీల దగ్గర తేటపడతాయి.

గొలుసు ఇంకా పొడవైతే మరో మార్పు వస్తుంది. నడుములు నడుముల పక్కకు, తోకలు తోకల పక్కకు చేరి పొరలు కడతాయి, నెమాటిక్‌కు కింద స్మెక్టిక్ స్థితి తలెత్తుతుంది. ఎనిమిది కర్బనాల 8సీబీ 21 నుంచి 33 దాకా అణువులు పొరకు నిటారుగా నిలిచే స్మెక్టిక్ ఏ, అక్కడి నుంచి 40 దాకా నెమాటిక్. ఎన్ఓఎం కుటుంబంలో ఇలాంటి పొరల స్థితులు ఒకదాని కింద ఒకటి ఎన్నో వస్తాయి. వాటిలో ఏది ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి నాగార్జున బృందం సాంద్రత కొలతను బాగా వాడుకుంది. సన్నని గొట్టంలో పదార్థం పోసి, ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా తగ్గిస్తూ మట్టం ఎంత దిగిందో చూస్తారు. మామూలు ద్రవం నెమాటిక్ అయ్యేటప్పుడు ఘనపరిమాణంలో మార్పు ఒక శాతంలో మూడో వంతు కూడా ఉండదు. నెమాటిక్ స్మెక్టిక్ ఏగా మారేటప్పుడు కొన్ని సమ్మేళనాల్లో అసలు గెంతే ఉండదు, వక్రరేఖ వాలు మాత్రమే మారుతుంది. గెంతు ఉందా లేదా అన్నది మార్పు ఏ తరగతిదో చెబుతుంది. మెరిసే పరికరాలతో పనిలేని ఈ ఓపిక పని విలువ తక్కువది కాదు.

షిఫ్ బేసులకు ఒక బలహీనత ఉంది. గాలిలో తేమ తగిలితే ఆ జంట బంధం తెగి మళ్లీ ఆల్డిహైడ్, అనిలీన్‌గా విడిపోతాయి. తెరల పరిశ్రమ అందుకే వాటిని వదిలి, వంతెనే లేని బైఫినైళ్ల వైపు వెళ్లింది. ఎస్టరు వంతెన ఇంకాస్త నిలకడైనది. రెండు నత్రజనుల మధ్య జంట బంధమైన అజో వంతెనది వేరే విచిత్రం. అతినీలలోహిత కాంతి పడితే తిన్నటి ట్రాన్స్ రూపం వంగిన సిస్ రూపమై నెమాటిక్ క్రమం చెదురుతుంది. వెచ్చబెట్టకుండా వెలుగుతోనే పదార్థాన్ని కరిగించినట్టవుతుంది. ఒకే పరమాణువులు, ఒకే సంఖ్యలో, ఆకారం మారితే స్థితి మారిపోతుందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

వంతెన రసాయన బంధమే కానక్కర్లేదు. ఆల్కాక్సీ బెంజోయిక్ ఆమ్లంలో ఒక్కో అణువులో ఒకే వలయం ఉంటుంది, ద్రవ స్ఫటికానికి అది చాలదు. రెండు అణువులు ఆమ్ల సమూహాల దగ్గర హైడ్రోజన్ బంధాలతో జతకడితే మధ్యలో మరో వలయంలాంటిది ఏర్పడి పొడవైన కడ్డీ తయారవుతుంది. ఎనిమిది కర్బనాల గొలుసున్న ఆమ్లం 101 దగ్గర కరిగి, ముందు వాలు పొరల స్మెక్టిక్ సీ, 108 పైన నెమాటిక్ అయి, 147 దగ్గర తేటపడుతుంది. నాగార్జున బృందం తరువాతి కాలంలో ఇలాంటి హైడ్రోజన్ బంధ సమ్మేళనాల మీదా విస్తృతంగా పనిచేసింది.

అణువు పక్క వైపున ఏదైనా తగిలిస్తే సాధారణంగా చేటే. మిథైల్ సమూహం పక్కకు పొడుచుకొస్తే అణువుల మధ్య ఎడం పెరిగి తేటపడే స్థానం పడిపోతుంది. చిన్న పరమాణువైన ఫ్లోరిన్ వల్ల నష్టం తక్కువ, లాభాలున్నాయి: కరిగే స్థానం తగ్గుతుంది, విద్యుత్ గుణాలు మారతాయి. నేటి టీవీ, ఫోన్ తెరల ద్రవ స్ఫటికాల్లో ఫ్లోరిన్ విస్తారంగా కనిపించడానికి కారణం ఇదే. బెంజీన్ వలయమూ తప్పనిసరి కాదు. 5సీబీలో ఒక బెంజీన్‌కు బదులు ట్రాన్స్ సైక్లోహెక్సేన్ పెడితే తేటపడే స్థానం 35 నుంచి 55కు పెరుగుతుంది. చాలాకాలం పరిశోధకులు అరోమాటిక్ వలయాల మధ్య ఆకర్షణకే పెద్దపీట వేశారు. అణువు తిన్నగా ఉండటానికీ, గట్టి నడుముకు మెత్తటి తోక అతకడానికీ దక్కాల్సిన ప్రాధాన్యం దానికంటే పెద్దదని ఈ ఉదాహరణ చూపింది.

ఫోర్లాండర్ సూత్రం కడ్డీలకే పరిమితమన్నది 1977లో తేలింది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ బెంజీన్ వలయం ఆరు మూలలకూ ఆరు ఎస్టరు గొలుసులు తగిలించిన సమ్మేళనాల్లో కొత్త ద్రవ స్ఫటిక స్థితిని కనుగొని, ప్రమాణ అనే భారతీయ పత్రికలో ప్రచురించారు. ఆ అణువులు బిళ్లల్లాంటివి. భద్రాచలం అడవి పల్లెల్లో ఎండాకాలం తునికాకును ఆకు మీద ఆకు పేర్చి యాభై ఆకుల కట్ట కట్టినట్టు, ఈ బిళ్లలు ఒకదాని మీద ఒకటి చేరి నిలువు స్తంభాలవుతాయి. ఆ స్తంభాలు పక్కపక్కన షట్కోణ క్రమంలో నిలుస్తాయి. ఇక్కడా తోకలదే కీలక పాత్ర. నాలుగు వలయాలు బల్లపరుపుగా అతుక్కున్న ట్రైఫినిలీన్‌కు తోకలు లేకపోతే 198 దగ్గర నేరుగా కరిగి ద్రవమైపోతుంది. దానికి ఆరు హెక్సిలాక్సీ గొలుసులు చేర్చితే 68 నుంచి 100 లోపు దాకా స్తంభాల ద్రవ స్ఫటికమవుతుంది. స్తంభం పొడుగునా విద్యుదావేశం పయనించగలదు కాబట్టి సేంద్రియ ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఇవంటే ఆసక్తి. భారతదేశం నుంచి ఈ రంగానికి అందిన అతి పెద్ద కానుక ఇదేనని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

బొగ్గు కథ ఈ బిళ్లల దగ్గరే అర్థమవుతుంది. బొగ్గులో అరోమాటిక్ వలయాలు పలకలుగా అతుక్కుని ఉంటాయి. కోకు బొగ్గునూ, తారు నుంచి వచ్చే పిచ్‌నూ 400 డిగ్రీలు దాటించినప్పుడు ఈ పలకలు ద్రవంలో తేలుతూ ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. తగినంత పెద్దవయ్యాక ఒకే దిశకు సర్దుకుని, సన్నని గోళాలుగా విడివడతాయి. ఆస్ట్రేలియాలో మాగ్మా చొచ్చుకొచ్చి కాల్చిన వాంగవిల్లి బొగ్గు పొరలో జి.హెచ్. టేలర్ 1961లో ఈ గోళాలను వర్ణించాడు. 1965లో బ్రూక్స్‌తో కలిసి ఇది నెమాటిక్ లాంటి ద్రవ స్ఫటికమేనని వివరించాడు. దీన్ని మీసోఫేజ్ అంటారు. 5సీబీకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. 5సీబీ చల్లారితే వెనక్కి వస్తుంది. మీసోఫేజ్‌లో రసాయన చర్య ఆగదు కాబట్టి గోళాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఆ క్రమం అలాగే గట్టిపడి కోకులో శాశ్వతంగా మిగులుతుంది. ఉక్కు కరిగించే విద్యుత్ కొలుముల గ్రాఫైట్ కడ్డీలకూ, కొన్ని రకాల కర్బన తంతువులకూ ఆధారం ఈ క్రమమే.

గోదావరి లోయ బొగ్గులో ఆక్సిజన్ ఎక్కువ. అది పలకల మధ్య అడ్డబంధాలు వేస్తుంది. వేడి ఎక్కినప్పుడు పలకలు జారి తిరగడానికి వీల్లేక, ద్రవదశ రాకముందే విచ్ఛిన్నమవుతాయి. దీనికి తోడు ఇందులో వేడికి మెత్తబడని పదార్థాల పాలు ఎక్కువ. ద్రవమే లేనప్పుడు ద్రవ స్ఫటికం ఎక్కడిది? అందుకే సింగరేణి బొగ్గు థర్మల్ విద్యుత్ కేంద్రాలకు పోతుంది, విశాఖ ఉక్కు కర్మాగారం కోకు బొగ్గును ప్రధానంగా విదేశాల నుంచి తెప్పించుకుంటుంది. ఇది నాణ్యత తక్కువ కావడం కాదు, అణువుల మధ్య కట్టు వేరు కావడం.

కడ్డీలు, బిళ్లలు అయ్యాక వంకర అణువుల వంతు వచ్చింది. నడుము దగ్గర వంగిన అణువు ద్రవ స్ఫటికానికి పనికిరాదని చాలాకాలం నమ్మారు. 1996లో టోక్యోలో నియోరి, తకెజోయె బృందం అరటిపండు ఆకారపు అణువుల్లో కైరాలిటీ (కుడి, ఎడమ చేతుల మధ్య ఉండేలాంటి తేడా) లేకుండానే ఫెర్రోవిద్యుత్ గుణం కనిపించిందని చూపాక ఈ నమ్మకం సడలింది. వంగిన అణువులు ఒకే వైపుకు తిరిగి సర్దుకుంటే వాటి ధ్రువత్వమంతా కూడుకుంటుంది. అస్సాం విశ్వవిద్యాలయం సిల్చర్‌లో ఎన్.వి.ఎస్. రావు బృందం ఇలాంటి వంకర అణువులను అనేకం తయారుచేసింది. రెండు సయనోబైఫినైళ్లను ఏడు కర్బనాల గొలుసుతో కలిపిన సీబీ7సీబీ మరో ఉదాహరణ. గొలుసులో బేసి సంఖ్య కర్బనాలున్నాయి కాబట్టి అణువు వంగి ఉంటుంది. సుమారు 103 డిగ్రీల కింద అది మెలితిరిగి వంగే కొత్త రకం నెమాటిక్‌గా మారుతుందని 2011లో ప్రకటించారు. గొలుసులో ఒక్క కర్బనం పెరిగినా తగ్గినా అణువు తిన్నబడి ఆ స్థితి పోతుంది.

ఇన్ని సూత్రాలు తెలిసినా, కాగితం మీద గీసిన అణువును చూసి అది ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ సాధ్యం కాదు. తేటపడే స్థానాన్ని ఒక వరుసలోని పొరుగు సమ్మేళనాలను బట్టి చాలావరకు ఊహించవచ్చు. కరిగే స్థానం ఊహకు చిక్కదు, ఎందుకంటే అది స్ఫటికంలో అణువులు ఎలా సర్దుకుంటాయన్న దాని మీద ఆధారపడుతుంది. కంప్యూటర్ లెక్కలకు కూడా కొలిచిన సంఖ్యలే పునాది. కాబట్టి ఒక్కో కర్బనం మార్చి, తయారుచేసి, సూక్ష్మదర్శిని కింద వేడిచేసి చూసే పని ఇంకా మిగిలే ఉంది. అందుకు ఒక వేడి బల్ల, రెండు ధ్రువణ ఫలకాలున్న సూక్ష్మదర్శిని, ఓపిక ఉన్న విద్యార్థులు కావాలి. మన డిగ్రీ కళాశాలల రసాయన విభాగాలు ఈ పనికి పూనుకోవచ్చు, పూనుకోవాలి కూడా.